కొనేవాడికీ ఒక చట్టం



1980ల తొలి సంవత్సరాల్లో అమెరికా నౌకాదళం ఒక సుత్తి కొన్నది. మేకులు కొట్టుకునే మామూలు సుత్తే. అంగట్లో పదిహేను ఇరవై డాలర్లు పెడితే దొరికే ఆ సుత్తికి బిల్లులో వేసిన ధర 435 డాలర్లు. ఆ తర్వాత ఇలాంటివే మరికొన్ని బిల్లులు బయటపడ్డాయి. పీ-3 ఒరాయన్ అనే గస్తీ విమానంలో మరుగుదొడ్డికి అమర్చే ప్లాస్టిక్ తొడుగుకు 640 డాలర్లు, సీ-5 రవాణా విమానంలో కాఫీ కాచే యంత్రానికి ఏడు వేల ఆరు వందల డాలర్ల పైచిలుకు. వాషింగ్టన్ పోస్ట్ కార్టూనిస్టు హెర్‌బ్లాక్ ఆనాటి రక్షణ మంత్రి కాస్పర్ వైన్‌బర్గర్ మెడలో ఆ మరుగుదొడ్డి మూతను హారంలా వేసి బొమ్మలు గీశాడు. పన్ను కట్టే జనం నవ్వారు, తర్వాత మండిపడ్డారు. కొన్ని వేల కోట్ల డాలర్ల ఖర్చు ఎవరి ఊహకూ అందదు గానీ, సుత్తి ధర ఎంతుండాలో మాత్రం ప్రతి ఇంటాయనకూ తెలుసు.

అసలు సంగతి ఆ బొమ్మల్లో ఉన్నంత తేలిక కాదు. ఆ సుత్తిని విడిగా కొనలేదు. అది ఒక పొడవాటి విడిభాగాల జాబితాలో ఒక వస్తువు. కంపెనీకి అయిన పర్యవేక్షణ, ఇంజనీరింగ్, కార్యాలయ ఖర్చులన్నిటినీ కలిపి, జాబితాలో ఎన్ని వస్తువులున్నాయో అన్ని సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కో వస్తువు నెత్తిన పెట్టారు. దాంతో ఖరీదైన ఎలక్ట్రానిక్ పరికరం మీద ఎంత బరువు పడిందో, సుత్తి మీదా అంతే పడింది. సుత్తి బంగారమైంది, పరికరం చవకైంది. మొత్తం బిల్లు మాత్రం ఈ పంపకం వల్ల పెరగలేదు. కాబట్టి నాలుగు వందల డాలర్లు సుత్తి పేరుతో ఎవరో జేబులో వేసుకున్నారని పత్రికలు రాసింది సగమే నిజం. మిగతా సగం ఇంకా ఇబ్బందికరమైనది. ఖర్చులను అలా పంచితే ఏ వస్తువు అసలు ధర ఎంతో ఎవరికీ తెలియదు. రేపు అదే వస్తువు విడిగా కొనాల్సి వచ్చినప్పుడు బేరమాడటానికి చేతిలో ఆధారం ఉండదు. ఆ కాగితం చూసి ‘ఇదేం లెక్క?’ అని అడగాల్సింది ప్రభుత్వం తరఫున కూర్చున్న కొనుగోలుదారు. పశువుల సంతలో ఎద్దును కొనే రైతు ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, వయసు తేలాకనే ధర మాట ఎత్తుతాడు. పళ్ళు చూడటం రానివాణ్ణి సంతకు పంపి, తిరిగొచ్చాక దళారిని తిట్టుకుంటే లాభమేముంది?

ఈనాటి ప్రసంగంలో నేను వాదించదలచుకున్నది ఇదే. సైన్యానికి సామగ్రి కొనేవాళ్ళకూ, దాన్ని సరిహద్దు దాకా చేర్చి పనిచేయించేవాళ్ళకూ ఎంత చదువు, ఎంత శిక్షణ, ఎన్నేళ్ళ అనుభవం ఉండాలో చట్టంలోనే రాసిపెట్టాలి. శాఖాధిపతుల సర్క్యులర్లకు దాన్ని వదిలేయకూడదు. అమెరికా 1990లో ఆ పని చేసింది. ఆ చట్టం నడిచిన తీరులో దాని బలమూ కనిపిస్తుంది, దాని హద్దులూ కనిపిస్తాయి.

అంతకుముందు చట్టాలు లేక కాదు. కంపెనీలు తమ ఖర్చుల వివరాలను దాచకుండా ప్రభుత్వం ముందు పెట్టాలని 1962లోనే ఒక చట్టం వచ్చింది. పోటీ టెండర్లు తప్పనిసరి చేస్తూ 1984లో మరొకటి వచ్చింది. రెండూ మంచి చట్టాలే, రెండూ కొనే పద్ధతి గురించినవే. కంపెనీ తన ఖర్చుల పద్దులన్నీ తెచ్చి బల్ల మీద పోసిందనుకోండి, చదవగలిగినవాడు ఎదుట లేకపోతే అది కాగితాల గుట్ట. 1985 జులైలో అధ్యక్షుడు రేగన్ రక్షణ శాఖ నిర్వహణ మీద ఒక ఉన్నత స్థాయి సంఘాన్ని నియమించాడు. దాని అధ్యక్షుడు డేవిడ్ ప్యాకార్డ్. హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ స్థాపకుల్లో ఒకడు, అంతకుముందు నిక్సన్ హయాంలో రక్షణ ఉపమంత్రి. అమ్మే వైపూ కొనే వైపూ రెండూ ఎరిగినవాడు. 1986 జూన్‌లో ఇచ్చిన తుది నివేదికలో ఆ సంఘం మోసగాళ్ళ కంటే వ్యవస్థ గురించే ఎక్కువగా మాట్లాడింది. పరిశ్రమలో ఇలాంటి పని చేసేవాళ్ళతో పోలిస్తే ప్రభుత్వ కొనుగోలు సిబ్బందికి శిక్షణ తక్కువ, జీతం తక్కువ, అనుభవం తక్కువ అన్నది దాని తీర్పు. సుత్తి గొడవకు దొరికిన నిజమైన జవాబు ఇదని నేననుకుంటాను.

నివేదిక వచ్చిన రెండేళ్ళకు, 1988 జూన్‌లో, ‘ఆపరేషన్ ఇల్ విండ్’ పేరుతో రహస్యంగా సాగుతున్న దర్యాప్తు బట్టబయలైంది. నౌకాదళ సహాయ కార్యదర్శిగా పనిచేసిన మెల్విన్ పైస్లీ మొదలుకొని సలహాదారులు, కంపెనీ అధికారులు అరవై మందికి పైగా శిక్షలు పడ్డాయి. పోటీదారుల ధరలు, రహస్య వివరాలు డబ్బుకు అమ్ముడుపోయిన కథ అది. దీనితో పార్లమెంటుకు, అంటే వాళ్ళ కాంగ్రెసుకు, ఓపిక నశించింది. 1990 నవంబరు 5న అధ్యక్షుడు జార్జ్ బుష్, అంటే పెద్ద బుష్, సంతకం చేసిన రక్షణ బడ్జెటు అధికార చట్టంలో పన్నెండో భాగంగా ‘రక్షణ కొనుగోలు సిబ్బంది మెరుగుదల చట్టం’ చేరింది. అమెరికన్ అధికారులు పొట్టి అక్షరాలతో దాన్ని ‘డావియా’ అంటారు.

డావియా ముందుగా ఏ పనులు ఈ వృత్తి కిందికి వస్తాయో పేర్లు పెట్టి చెప్పింది. కాంట్రాక్టులు, ప్రాజెక్టు నిర్వహణ, ఇంజనీరింగ్, పరీక్షలు, నాణ్యత తనిఖీ, ఖర్చుల అంచనా, ఆడిటింగ్, వాటితో పాటు లాజిస్టిక్స్, అంటే సామగ్రిని చేర్చి పనిచేయించే విద్య. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. తర్వాత ఒక్కో కుర్చీకి అర్హతలు రాసింది. ప్రభుత్వం పేరుతో కాంట్రాక్టు మీద సంతకం పెట్టే అధికారికి, చిన్న కొనుగోళ్ళ పరిమితి దాటిన ఒప్పందమైతే, ఈ రంగంలో కనీసం రెండేళ్ళ అనుభవం ఉండాలి, నిర్ణీత శిక్షణ పూర్తిచేసి ఉండాలి. డిగ్రీ పట్టా గానీ, అకౌంటింగ్, చట్టం, ఆర్థికశాస్త్రం, కొనుగోళ్ళు, నిర్వహణ వంటి విషయాల్లో కళాశాల స్థాయి 24 క్రెడిట్ గంటల చదువు గానీ, ఆ మేరకు జ్ఞానం చూపే పరీక్ష గానీ ఉండాలి. పదేళ్ళ తర్వాత ఈ ‘గానీ’ని తీసేసి డిగ్రీ, 24 గంటలు రెండూ కావాలన్నారు. ఇక వేల కోట్లు తినే పెద్ద ఆయుధ ప్రాజెక్టును నడిపే మేనేజరుకు కొనుగోలు రంగంలో ఎనిమిదేళ్ళ అనుభవం, అందులో కనీసం రెండేళ్ళు ఇలాంటి ప్రాజెక్టు కార్యాలయంలోనే గడిపి ఉండాలని షరతు. వీళ్ళందరికీ చదువు చెప్పడానికి ఒక రక్షణ కొనుగోలు విశ్వవిద్యాలయం ఏర్పడింది. వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వోర్‌లో 1971లో, ప్యాకార్డ్ ఉపమంత్రిగా ఉన్నప్పుడు పెట్టిన నిర్వహణ కళాశాల ఒకటి అప్పటికే ఉంది.

ఈ చట్టంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది చదువు షరతు కాదు, కుర్చీలో కూర్చోవాల్సిన కాలం. ముఖ్యమైన పదవుల్లో కనీసం మూడేళ్ళు, పెద్ద ప్రాజెక్టు మేనేజరైతే నాలుగేళ్ళకు దగ్గరగా వచ్చే ప్రధాన ఘట్టం ముగిసేదాకా ఉండాలి, ఆ మేరకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఎందుకింత పట్టు? ఆయుధ ప్రాజెక్టులు పదేళ్ళు, పదిహేనేళ్ళు సాగుతాయి. పద్దెనిమిది నెలలకోసారి మారే అధికారి తన హయాంలో ప్రయోగం విజయవంతమైందని ప్రకటించుకుని వెళ్ళిపోతాడు. ఆ ప్రకటన కోసం వాయిదా వేసిన కష్టాలన్నీ తర్వాత వచ్చినవాడి బల్ల మీద పడతాయి. కంపెనీ తరఫున కూర్చున్నవాడు మాత్రం ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంటాడు. జ్ఞాపకమంతా ఒక పక్షాన, అధికారమంతా రెండో పక్షాన ఉన్న బేరంలో ఎవరు నెగ్గుతారో వేరే చెప్పాలా? ఇంత స్పష్టంగా రాసిన ఈ షరతునే అమెరికా సైన్యాలు ఎక్కువగా పెడచెవిన పెట్టాయి. 2001 మార్చి తర్వాత మొదలైన 39 పెద్ద ప్రాజెక్టులను అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2007లో పరిశీలిస్తే, మేనేజర్లు సగటున ఒక ప్రాజెక్టులో ఉన్నది 17 నెలలు. మినహాయింపులకు తలుపు తెరిచిపెట్టిన ఏ చట్టానికైనా జనం ఆ తలుపులోంచే రాకపోకలు సాగిస్తారు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, బలమైనదే. లంచం తీసుకునేవాడికి శిక్షణ ఇస్తే ఇంకా తెలివిగా తీసుకుంటాడు కదా? నిజమే. పైస్లీ అజ్ఞాని కాడు, విమాన పరిశ్రమలో పండిపోయినవాడు. 2004లో నేరం ఒప్పుకుని తొమ్మిది నెలల జైలు శిక్ష పడిన డార్లీన్ డ్రూయన్ వైమానిక దళ కొనుగోళ్ళలో దాదాపు పదేళ్ళు చక్రం తిప్పిన మహిళ. బోయింగ్ ట్యాంకర్ విమానాల ఒప్పందం తన చేతిలో ఉండగానే అదే కంపెనీలో ఉద్యోగం మాట్లాడుకున్నది. అనుభవానికి కొదవలేదు. ఇంకో విచిత్రం చెప్పాలి. డావియా కోసం ప్రతినిధుల సభలో అందరికంటే ఎక్కువ పాటుపడ్డ మసాచుసెట్స్ సభ్యుడు నికొలాస్ మావ్రూలిస్ స్వయంగా 1993లో అక్రమ కానుకలు, పన్ను ఎగవేత నేరాలు ఒప్పుకుని జైలుకు వెళ్ళాడు. చరిత్రకు హాస్యం తెలియదని ఎవరన్నారు? కాబట్టి అర్హతల చట్టం నిజాయితీని పుట్టిస్తుందని వాదించేవాళ్ళతో నేను లేను. దొంగతనానికి శిక్షాస్మృతి ఉంది, దర్యాప్తు సంస్థలున్నాయి. అర్హతల చట్టం పని వేరు. దొంగ కానివాడు, మంచి మనసుతోనే, తెలియక చేసే నష్టాన్ని అది ఆపాలి. లంచం కేసులు పత్రికలకెక్కుతాయి, తెలియనితనం వల్ల పోయిన డబ్బు పత్రికలకెక్కదు. అది ఆడిట్ నివేదికల అడుగు వరుసల్లో పడి ఉంటుంది. పైగా ఒక కార్యాలయంలో ధర లెక్క తెలిసినవాళ్ళు పదిమంది ఉంటే, ఒక్కడు తప్పు చేసినా మిగతా తొమ్మిది మందికి అనుమానం వస్తుంది. తెలిసినవాడు ఒక్కడే అయినప్పుడు అతనిదే రాజ్యం.

రెండో అభ్యంతరం: కోర్సులు చేస్తే పట్టా వస్తుంది, నేర్పు వస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు అమెరికా 1990ల అనుభవంలో ఉంది. అది చేదు జవాబు. సోవియట్ యూనియన్ కూలింది, సైన్యానికి అంత డబ్బెందుకన్నారు. కొనుగోలు సిబ్బందిని ‘షాపింగ్ చేసేవాళ్ళ సైన్యం’ లాంటి ఎగతాళి మాటలతో చూసే రోజులవి. కాంగ్రెసే కోతలు విధించింది. కొనుగోలు సంస్థల్లో 1991 సెప్టెంబరులో సుమారు 4,60,000 మంది ఉండగా 1999 సెప్టెంబరు నాటికి సుమారు 2,30,000 మంది మిగిలారు. అంటే దాదాపు సగం. ఒక చేత్తో అర్హతలు పెంచిన శాసనసభ రెండో చేత్తో అర్హులను ఇంటికి పంపింది. పని మాత్రం తగ్గలేదు. 2003లో ఇరాక్ యుద్ధం వచ్చిపడింది. కువైట్ స్థావరంలో తాగునీళ్ళ సీసాల దగ్గర నుంచి అన్నిటికీ ఒప్పందాలే. అక్కడ కాంట్రాక్టులు చూసిన ఒక సైన్యాధికారికి తొంభై లక్షల డాలర్లకు పైగా లంచాలు తిన్న కేసులో 2009లో పదిహేడున్నరేళ్ళ శిక్ష పడింది. ఆ అక్రమాల వెలుగులో, రక్షణ శాఖ మాజీ ఉపకార్యదర్శి జాక్ గ్యాన్స్‌లర్ అధ్యక్షతన ఏర్పడ్డ కమిషన్ 2007 శరదృతువులో నివేదిక ఇచ్చింది. సైన్యం కాంట్రాక్టింగ్ సిబ్బందిలో యూనిఫాంలో ఉన్న సైనికులు కేవలం 3 శాతం. ఆ వృత్తిలో ఉన్న సైనికాధికారుల్లో 56 శాతం, పౌరుల్లో 53 శాతం మాత్రమే తమ కుర్చీకి కావలసిన ధ్రువపత్రం ఉన్నవాళ్ళు. చట్టం పుట్టి పదిహేడేళ్ళయింది, దాదాపు సగం మంది ఇంకా గడప దాటలేదు.

దీన్ని చూసి చట్టం దండగ అనుకోవడం సులువు. నేను అందుకు ఒప్పుకోను. ఆ 56, 53 అనే అంకెలు లెక్కగట్టడానికి వీలైందే చట్టం ఒక గీత గీసినందువల్ల. గీతే లేకపోతే, ‘మా వాళ్ళంతా సమర్థులే’ అన్న శాఖాధిపతి మాటకు ఎదురు చెప్పేదెవరు? కమిషన్ చేతికి కొలబద్ద ఇచ్చింది డావియానే. ఆ కొలబద్ద చూపించిన లోటుతోనే 2008 జనవరిలో వచ్చిన రక్షణ బడ్జెటు అధికార చట్టం ఈ సిబ్బందిని చేర్చుకోవడానికి, నేర్పించడానికి, నిలబెట్టుకోవడానికి ప్రత్యేక నిధి పెట్టింది. 2008 సెప్టెంబరులో సుమారు 1,26,000 ఉన్న సిబ్బంది 2015 మార్చికి సుమారు 1,53,000 అయ్యారు. ఈ అంకెలను పైన చెప్పిన పాత అంకెలతో పోల్చకండి, మధ్యలో లెక్కించే పద్ధతి మారింది. అర్హత రాస్తే చాలదు, అర్హులను నియమించడానికి డబ్బు కూడా ఆ చట్టంలోనే ఉండాలని అమెరికాకు అర్థం కావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఇందాక గుర్తుంచుకోమన్న లాజిస్టిక్స్ మాటకు వద్దాం. ఎందుకంటే మన చర్చల్లో కొనుగోలు అనగానే ధర, టెండరు, సంతకం దగ్గరే కథ ఆగిపోతుంది. ఆయుధానికి జీవితకాలంలో అయ్యే మొత్తం ఖర్చులో కొన్న ధర చిన్న వాటా, నడపడానికి, మరమ్మతు చేయడానికి అయ్యేది పెద్ద వాటా, సాధారణంగా 70 శాతం దాకా. ఎఫ్-35 యుద్ధ విమానం దీనికి కళ్ళముందున్న సాక్ష్యం. 2001 అక్టోబరులో లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీకి ఒప్పందం దక్కినప్పుడు, విమానాన్ని కంపెనీయే చూసుకుంటుంది, మరమ్మతు చిత్రాలు, సాంకేతిక వివరాలు ప్రభుత్వం కొనిపెట్టుకోనక్కర్లేదు అన్న ధోరణి నడిచింది. అది సిబ్బందిని సగానికి కోసేసిన దశాబ్దపు ధోరణే. బజారు అన్నీ చూసుకుంటుందన్న నమ్మకం. రెండు దశాబ్దాలు తిరిగేసరికి ఆడిట్ సంస్థ ఏం రాసింది? 2023 మార్చిలో ఎగరడానికి సిద్ధంగా ఉన్న ఎఫ్-35లు సుమారు 55 శాతం. మరమ్మతు కోసం ఎదురుచూస్తున్న విడిభాగాలు పది వేలకు పైన. సైన్యం సొంతంగా బాగుచేసుకుందామంటే కావలసిన సాంకేతిక వివరాలు చేతిలో లేవు. ఈ విమానాలను వాటి ఆయుష్షు తీరేదాకా నిలబెట్టడానికి అయ్యే అంచనా 2018లో లక్షా పది వేల కోట్ల డాలర్లుండగా 2023కి లక్షా యాభై ఎనిమిది వేల కోట్లకు చేరింది. మన ఊళ్ళో ట్రాక్టరు కొనే రైతు, విడిభాగాలు మండల కేంద్రంలో దొరుకుతాయా, మెకానిక్కు విప్పగలడా అని అడగకుండా బయానా ఇవ్వడు. ఆ ప్రశ్న అడగడమే లాజిస్టిక్స్ మనిషి వృత్తి. ఒప్పందం రాసే బల్ల దగ్గర అతనికి కుర్చీ, ఆ కుర్చీకి గౌరవం ఉండాలి. 1990 చట్టం అతని పేరును జాబితాలో రాసింది గానీ, తర్వాతి పదేళ్ళ విధానం అతని మాటకు విలువనివ్వలేదు.

ఇంకో వాదన సైనికుల వైపు నుంచి వస్తుంది. తుపాకీ ఎలా ఉండాలో పేల్చేవాడికి తెలుస్తుంది గానీ వాణిజ్యశాస్త్రం చదివినవాడికేం తెలుసు అని. ఏం కావాలో చెప్పేది సైనికుడే, అందులో సందేహం లేదు. కావలసినదాన్ని ఎలా కొనాలన్నది మరో విద్య. వండేవాడి చేతికే రుచి తెలుస్తుందని బియ్యం బేరానికి కూడా అతన్నే పంపం కదా. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు డిగ్రీలు చూస్తూ కూర్చుంటారా అన్న ప్రశ్నకూ అమెరికా చట్టంలో జవాబుంది. యుద్ధరంగంలో తక్షణ కొనుగోళ్ళు చేసే బలగానికి అర్హతలను విడిగా పెట్టారు. అంటే మినహాయింపు కూడా ముందే ఆలోచించి రాసుకున్నదే తప్ప, హడావిడిలో పుట్టింది కాదు. ఇలాంటి చట్టాలు రాతి శాసనాల్లా ఉండనక్కర్లేదని చెప్పడానికి మరో ఉదాహరణ: 2019 డిసెంబరులో వచ్చిన సవరణ కాంట్రాక్టింగ్ అధికారులకున్న 24 గంటల చదువు షరతును తీసేసి, వృత్తిలో అందరూ గుర్తించే ప్రమాణాల మీద ఆధారపడ్డ ధ్రువపత్రం వైపు మళ్ళించింది. 2020 సెప్టెంబరులో రక్షణ శాఖ పద్నాలుగు వృత్తి విభాగాలను ఆరుకు తగ్గించింది. ఆ ఆరింటిలో ఒకటి లాజిస్టిక్స్. ఇప్పటికీ ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు రెండేళ్ళకోసారి 80 గంటల కొత్త చదువు చదవాలి. షరతుల వివరాలు మారవచ్చు, షరతు ఉండాలన్న సూత్రం మారలేదు.

మరి మన సంగతి? కార్గిల్ యుద్ధం తర్వాత మంత్రుల బృందం సిఫారసుల మేరకు 2001లో రక్షణ కొనుగోళ్ళ మండలి, మంత్రిత్వ శాఖలో ప్రత్యేక కొనుగోలు విభాగం ఏర్పడ్డాయి. 2002లో తొలి రక్షణ కొనుగోలు విధాన గ్రంథం వచ్చింది. తర్వాత 2005, 2006, 2008, 2011, 2013, 2016లో దాన్ని మార్చి మార్చి రాశారు, 2020 అక్టోబరు నుంచి మరో పెద్ద పుస్తకం అమల్లోకి వచ్చింది. పుస్తకం లావవుతూ వచ్చింది. ఏ దశ తర్వాత ఏ దశ, ఏ సంఘం ఏ కాగితం చూడాలి, దేశీయ వాటా ఎంతుండాలి, అన్నీ ఉన్నాయి. ఆ దశలన్నీ నడిపించే మనిషికి ఏం తెలిసి ఉండాలన్నది మాత్రం చట్టబద్ధంగా ఎక్కడా లేదు. సైన్యం నుంచి ఒకరు, సివిల్ సర్వీసుల నుంచి మరొకరు వస్తారు, రెండు మూడేళ్ళుండి పని పట్టుబడే వేళకు బదిలీ మీద వెళ్తారు. రక్షణ కొనుగోలంటే సాంకేతికత, సైన్యం, ఆర్థికం, నాణ్యత, మార్కెట్ పరిశీలన, ఒప్పందాల నిర్వహణ అన్నీ కలిసిన విద్య అని 2007లో సైన్యం కొనుగోళ్ళ మీద నివేదిక ఇస్తూ మన దేశపు ఆడిట్ సంస్థ కాగ్ చెప్పనే చెప్పింది.

శిక్షణాలయాలు లేవని ఎవరూ అనలేరు. వాటిలో కొన్ని మన ముంగిట్లోనే ఉన్నాయి. సైన్యానికి గుండుసూది నుంచి ఫిరంగి గుండు దాకా నిల్వచేసి పంచే ఆర్డ్‌నెన్స్ కోర్ శిక్షణ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. మూడు దళాల అధికారులకు నిర్వహణ విద్య నేర్పే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ 1970 నుంచి సికింద్రాబాదులోనే నడుస్తున్నది. జబల్‌పూర్‌లో సైన్యానికి మెటీరియల్ మేనేజ్‌మెంట్ కళాశాల ఉంది. విశాఖ తూర్పు నౌకాదళ స్థావరం, హైదరాబాదు క్షిపణి కర్మాగారాలు, ఇలా కొనేవాళ్ళూ తయారుచేసేవాళ్ళూ తెలుగు నేల మీదే ఎదురుబొదురుగా ఉన్నారు. లోటు ఎక్కడంటే, ఈ చదువుకూ ఆ కుర్చీకీ మధ్య చట్టం ముడి వేయలేదు. కోర్సు చేసినవాడు కొనుగోళ్ళ విభాగానికే వెళ్తాడన్న హామీ లేదు, ఆ విభాగంలో ఉన్నవాడు కోర్సు చేసి తీరాలన్న నిబంధన లేదు.

మన దగ్గర ఇలాంటి చట్టం తెస్తే, కాగితాలు ఇంకా పెరిగి, ఇప్పటికే నత్తనడక నడిచే ఫైళ్ళు పూర్తిగా ఆగుతాయని కొందరంటారు. నా అంచనా దీనికి తలకిందులు. మన ఫైలు ఎందుకు నిదానిస్తుంది? సంతకం పెట్టేవాడికి తన లెక్క మీద నమ్మకం లేకపోవడం వల్ల. రేపు విచారణ వస్తే ఏం చెప్పాలన్న భయంతో ఇంకో సంఘానికి పంపుతాడు, ఆ సంఘం మరో అభిప్రాయం అడుగుతుంది. పనితనం తెలిసినవాడు, ఆ తెలిసినతనాన్ని చట్టం గుర్తించినవాడు, ధర ఇదని నిర్ణయించి కారణాలు రాయగలడు. అతని నిర్ణయాన్ని తప్పుపట్టవచ్చు గానీ, తెలియక చేశాడనలేరు. ఐఏఎస్ అధికారి ఏ శాఖనైనా నడపగలడన్న పాత సంప్రదాయం ఇక్కడ అడ్డుతగులుతుందని తెలుసు. ఆ సంప్రదాయానికి నేను విరోధిని కాను; జిల్లాను నడపడానికి ఇలాంటి సర్వజ్ఞత పనికొస్తుంది. జలాంతర్గామి ఒప్పందంలో ముప్పై ఏళ్ళ విడిభాగాల షరతును చదవడానికి పనికిరాదు. మినహాయింపుల విషయంలో మాత్రం అమెరికాను అనుకరించవద్దు. ఎవరికి, ఎందుకు మినహాయించారో ఏటా పార్లమెంటు ముందు పెట్టాలన్న ఒక్క వాక్యం మన చట్టంలో ఉంటే, వాళ్ళ 17 నెలల కథ మనకు రాదు.

2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక సియాచిన్ వంటి ఎత్తైన మంచు ప్రాంతాల్లో ఉండే మన సైనికుల దుస్తుల కొనుగోళ్ళను పరిశీలించింది. ఆ సామగ్రి కొనుగోలులో నాలుగేళ్ళ దాకా ఆలస్యాలు జరిగాయని, మంచు వెలుతురు నుంచి కళ్ళను కాపాడే అద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉండిందని రాసింది. తర్వాత పరిస్థితి మెరుగుపడిందని సైన్యం చెప్పింది. ఆ ఆలస్యాలకు సిబ్బంది అర్హతల లేమి ఒక్కటే కారణమని నేననను, కారణాలు చాలా ఉంటాయి. అయితే ఆ కళ్ళద్దాల ఫైలు ఎవరి బల్ల మీదికి వెళ్ళాలో, ఎన్ని సంతకాలు కావాలో మన నియమావళి వివరంగా చెబుతుంది. ఆ బల్ల వెనక కూర్చునేవాడికి ఏ శిక్షణ, ఎన్నేళ్ళ అనుభవం ఉండాలో పార్లమెంటు చేసిన ఏ చట్టంలోనూ ఈ రోజుకీ ఒక్క వాక్యం లేదు.